పాలపొంగు పథకం

ఆ నగరంలో ఇళ్ళ ధరలు పొద్దున ఒక తీరు, సాయంత్రం ఒక తీరు. ఊరి చివర అని పేరుపడ్డ చోటు చూస్తుండగానే ఊరి నడుమకు వచ్చేసేది. మళ్ళీ ఊరి చివర ఎక్కడుందా అని వెతుక్కుంటూ పోతే పక్క జిల్లా పొలిమేర తగిలేది. మేడలు లేస్తూనే ఉన్నాయి. కాకపోతే వాటిని కొన్నవాళ్ళకు అప్పటికే వేరే మేడలు ఉండడం వల్ల సగానికి సగం తాళాలతోనే ఉండేవి. ఇల్లు లేనివాళ్ళకు మాత్రం ఆ మేడలకు రంగులు వేసే పని, కాపలా కాసే పని, అమ్మకం ఫ్లెక్సీలు అచ్చువేసే పని చేతినిండా దొరికేవి. ఆ విషయంలో నగరాన్ని తప్పుపట్టడానికి లేదు.

జంగయ్యది ఫ్లెక్సీల పని. ఈతకొలనులు, పచ్చిక బయళ్ళు, ఈ దేశంలో ఎక్కడా కనిపించని బంగారు జుట్టు పిల్లలు, పైన "మీ కలల ఇల్లు" అనే మాట. రోజూ అవే అచ్చువేసి, అవే కళ్ళతో ఇంటికి వచ్చేవాడు. ఇల్లంటే బుచ్చిరెడ్డి గారి ఇంటి వెనక రెండు గదుల పోర్షన్. వంటింట్లో ఇద్దరు నిలబడలేరు. ముందుగదిలో మంచం వాలిస్తే తలుపు పూర్తిగా తెరుచుకోదు. అందులో జంగయ్య, భార్య స్వరూప, పదో తరగతి చదువుతున్న కూతురు మౌనిక ఉంటున్నారు. ఆ పోర్షన్ పోతే నగరంలో ఇంకోటి దొరకదని ముగ్గురికీ తెలుసు. అందుకే అద్దె పెంచినప్పుడల్లా జంగయ్య "సరే సార్" అని, ఇంట్లోకి వచ్చాక తలుపు వేసుకుని తిట్టుకునేవాడు.

ఇళ్ళు లేనివాళ్ళ సంగతి చూడడానికి నగరంలో సర్వజన గృహానంద సంస్థ అని ఒకటుంది. దానికి అద్దాల మేడ ఉంది, కార్లు ఉన్నాయి, జాయింట్ డైరెక్టర్లు ఉన్నారు. స్థలమూ సొమ్మూ మాత్రమే లేవు. వచ్చే ఉగాది లోగా నగరంలో గృహప్రవేశం చెయ్యని కుటుంబం ఒక్కటి కూడా మిగలకూడదని ఆ సంస్థకు పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఉత్తర్వు వచ్చిన మర్నాడు అత్యవసర సమావేశం పెట్టారు. సమావేశానికి ఫ్లెక్సీ కావాలి గనుక జంగయ్యను పిలిచారు. అలా ఆ చారిత్రక నిర్ణయం జరిగినప్పుడు జంగయ్య నిచ్చెన మీద ఉన్నాడు.

జాయింట్ డైరెక్టర్ పరాంకుశం గారు లేచి గొంతు సవరించుకున్నారు. చొక్కా జేబులో రెండు పెన్నులు, నుదుట సన్నటి బొట్టు, ఎవరినీ నేరుగా చూడని చూపు.

"మన సంస్థ నిర్వహించిన సమగ్ర ఆకాంక్షా సర్వేలో ప్రజానీకం వ్యక్తపరచిన అభిలాష యేమిటి? 'బతికుండగా ఒక్కసారి సొంతింట్లో గృహప్రవేశం చెయ్యాలి' అని. దయచేసి గమనించండి. ప్రజలు అడిగినది గృహప్రవేశం. గృహనివాసం ఎవరైనా అడిగారా?"

ఎవరూ అడగలేదని పక్కనున్నవాళ్ళు ధ్రువీకరించారు. ఆ సర్వేలో ఆ మాట చెప్పినవాళ్ళలో జంగయ్య కూడా ఒకడు. ప్రవేశించాక ఉంటాం అని విడిగా చెప్పాలని అతనికి తట్టలేదు.

ఒక కుర్ర ఇంజనీరు చెయ్యి ఎత్తాడు. "సార్, ఉండాలన్న ఉద్దేశంతోనే కదా..."

"ఉద్దేశాలకు బడ్జెట్ కేటాయింపు లేదు" అన్నారు పరాంకుశం గారు. "అసలు వ్యయభారం ఎక్కడ సంభవిస్తున్నదో శాస్త్రీయంగా పరిశీలించండి. ఒక కుటుంబాన్ని ఇంట్లోకి పంపితే ముప్ఫై నలభై ఏళ్ళు బయటికి రావడం లేదు. ఆ ఇల్లు ఇక ఎవరికీ అక్కరకు రాకుండా పోతున్నది. నివాసమనే ఈ జాప్యాన్ని నివారించగలిగిన పక్షంలో, ఒక్క ఇల్లు నగరమంతటికీ సరిపోతుంది."

గదంతా చప్పట్లు మోగాయి. కుర్ర ఇంజనీరు కూడా కొట్టాడు, అతనికి ఇంకా ఉద్యోగం పర్మనెంట్ కాలేదు. జంగయ్యకు సంగతి పూర్తిగా బోధపడలేదు గానీ ఇంతమంది పెద్దలు సంతోషిస్తున్నారంటే మంచిదే అయ్యుంటుందనుకున్నాడు. చేతిలో తాడు ఉండబట్టి చప్పట్లు కొట్టలేకపోయాడు.

ఆ ఒక్క ఇంటినీ సంస్థ ఆవరణలోనే కట్టారు. చాలా బాగా కట్టారు, అది ఒప్పుకోవాలి. రెండు పడకగదులు, తూర్పు గుమ్మం, గ్రానైట్ గట్టున్న వంటిల్లు, గాలి వచ్చే కిటికీలు. జనం లోపల చిక్కుబడిపోకుండా పడమర వైపు ఇంకో తలుపు పెట్టారు. తూర్పు నుంచి ప్రవేశం, పడమర నుంచి వీడ్కోలు. పథకానికి పాలపొంగు అని పేరు పెట్టారు. లాటరీలో జంగయ్య పేరు మొదటి విడతలోనే వచ్చింది.

స్వరూప రెండు రోజులు నేల మీద నడవలేదు. చెల్లెలికి ఫోన్ చేసింది, కొత్త చీర తీసింది, మౌనికకు లంగాఓణీ కుట్టించింది. జంగయ్య నసుగుతూ నిజం చెప్పాడు.

"అది ప్రవేశం మట్టుకేనట. ఉండనియ్యరట."

"ఏ సర్కారోళ్ళు ఏది సక్కగ చెప్పిండ్రు? ముందుగాల లోపటికి పోదాం. పోయినంక చూద్దాం" అంది స్వరూప, చీర కుచ్చిళ్ళు సరిచూసుకుంటూ.

ఆ రోజు సంస్థ ఆవరణలో వరస గేటు దాటి రోడ్డెక్కింది. పట్టుచీరలు, గడప పూజకు తెచ్చిన పసుపు, పూలు, దేవుడి పటాలు పట్టుకున్న ముసలివాళ్ళు. మంత్రాలు లౌడుస్పీకర్లో రికార్డు వేశారు. గృహప్రవేశానికి ముందు ఆవు నడవాలి గదా అని మొదట్లో నిజం ఆవునే తెచ్చారట. రెండో రోజు మధ్యాహ్నానికి అది గుమ్మం ముందు కాళ్ళు బిగించి నిలబడిపోయింది. "గోవు సహకరించుట లేదు" అని ఫైలు రాసి, టెండరు పిలిచి, చక్రాలున్న చెక్క ఆవును తెప్పించారు. ఇద్దరు మనుషులు దాన్ని తూర్పు గుమ్మంలోంచి తోసి, పడమర నుంచి తీసుకొచ్చి మళ్ళీ తోసేవాళ్ళు.

వంటింట్లో పొంగు ధ్రువీకరణాధికారి కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పాలు పొంగితేనే ప్రవేశం లెక్కలోకి వస్తుంది, పొంగకపోతే రాదు. మొదట్లో పాలు తమ తీరిక ప్రకారం కాగుతుంటే వరస ముందుకు కదిలేది కాదు. ఆ లోపాన్ని కూడా సంస్థ సరిదిద్దింది. ముందే మరగబెట్టిన పాలలో చిటికెడు వంటసోడా వేయించింది. అప్పటి నుంచి పాలు గిన్నె చూడగానే పొంగేవి.

"పొంగు సంతృప్తికరం. తూర్పు దిశ. పక్కకు జరగండి, తరువాతి కుటుంబం" అన్నాడు అధికారి, జంగయ్య వాళ్ళ పాలు పొంగగానే.

స్వరూప పక్కకు జరగలేదు. గ్రానైట్ గట్టు మీద అరచేత్తో నిమిరింది. కుళాయి తిప్పి చూసింది. నీళ్ళు వచ్చాయి. లోపలి గదిలోకి తొంగిచూసి, మౌనిక చదువుకునే బల్ల ఏ మూల వెయ్యాలో మనసులో వేసేసుకుంది. జంగయ్య ఆమె మొహం వైపే చూశాడు. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆమె అలా ఒక ఇంటిని చూడడం అతను చూడలేదు. కాసేపు ఇక్కడ కూర్చోనిస్తే చాలు అనుకున్నాడు.

స్వరూప నిజంగానే కూర్చోబోయింది.

"అమ్మా! కూర్చోవడం పథకంలో లేదు" అని అధికారి కంగారుపడి లేచాడు. "ఆసీనులైతే అది పాక్షిక నివాసం కిందికి వస్తుంది."

"మరి రాత్రికి నిద్ర ఎట్ల సార్? పాలు పొంగిచ్చిన ఇంట్ల ఆ రాత్రి నిద్ర చెయ్యాలె గదా. నిద్ర చెయ్యకుంటే అది గృహప్రవేశమెట్లయితది?"

అధికారిదీ ఈ ఊరే, ఆ ఆచారం అతని ఇంట్లోనూ ఉంది. పై అధికారికి ఫోన్ చేసి, నెత్తి ఊపుతూ విని, చెప్పాడు. "నిద్రాంశం పరిశీలనలో ఉంది. అనుమతి వచ్చిన మీదట తెలియజేస్తాం. అప్పటివరకు మీ నిద్ర పెండింగులో ఉన్నట్టు భావించండి."

పడమర తలుపు బయట ఫోటో తీసి, చేతిలో యాజమాన్య పత్రం పెట్టారు. జంగయ్య కుటుంబం ఫలానా ఇంటికి సంపూర్ణ హక్కుదారులని, గవర్నమెంటు ముద్రతో, ఇంటి నంబరుతో సహా అందులో ఉంది. వరసలో అందరికీ అదే నంబరు, ఎందుకంటే ఉన్నది ఒకటే ఇల్లు.

ఆ ఫోటోనే పథకం ప్రచారానికి ఎంపికైంది. ఆర్డరు వచ్చింది జంగయ్య పనిచేసే షాపుకే. తన కుటుంబాన్ని తన చేత్తోనే ఇరవై అడుగుల ఎత్తున అచ్చువేశాడు. పైన "ఇక అద్దె బతుకుకు సెలవు" అని రాశారు. ఆ ఫ్లెక్సీని ఎక్కడ కట్టాలో సంస్థే నిర్ణయించింది. దైవికంగా అది బుచ్చిరెడ్డి గారి గేటుకు ఎదురుగా ఉన్న స్తంభానికే వచ్చింది.

బుచ్చిరెడ్డి పొద్దున్నే పళ్ళు తోముకుంటూ దాన్ని చూశాడు. తోమడం ఆపి మళ్ళీ చూశాడు.

"ఏం జంగయ్యా! సొంతిల్లయిందంట, ఒక్క మాట చెప్పవైతివి?"

"అది ఉత్త పాలు పొంగిచ్చుడే సార్. ఇల్లేం లేదు."

"ఇల్లు లేకుంటనే గంత పెద్ద ఫోటో ఏస్తరా? పాపం, ఇన్నేండ్లసంది నీకు ఇల్లు లేదని తక్కువ కిరాయికే ఉండనిచ్చిన. ఇగ నాకు ఆ ఫికరు లేదు. కంప్యూటర్ నౌకరీ పిల్లలొచ్చి డబుల్ ఇస్తమంటున్నరు. నెల నిండంగనే నీ ఇంటికి నువ్వు పో."

బుచ్చిరెడ్డి మాటకు బలం కూడా దొరికింది. సొంత ఇల్లున్నవాళ్ళు అద్దె ఇళ్ళలో ఉంటే నిజమైన నిరుపేదలకు చోటు దొరకడం లేదని గుర్తించిన సంస్థ ద్వంద్వ నివాస నిషేధ ఉత్తర్వు తెచ్చింది. యాజమాన్య పత్రం ఉన్నవాళ్ళకు ఇల్లు అద్దెకిస్తే ఇంటి ఓనరుకు జరిమానా. జంగయ్య ఎక్కడికి వెళ్ళినా ఆధార్ నంబరు కొట్టగానే ఫోనులో చెక్క ఆవు, పక్కన తన కుటుంబం, కింద "గృహయజమాని" అన్న మాట ప్రత్యక్షమయ్యేవి. "ఇల్లు పెట్టుకుని మా ఎంబడి పడ్డవేందన్నా" అని తలుపులు వేసేసుకునేవాళ్ళు. ఇవి చాలవన్నట్టు ఇంటిపన్ను నోటీసు కూడా వచ్చింది. పన్ను తేదీ లోగా కడితే రాయితీ ఉందని ఆప్యాయంగా రాశారు.

నగరానికి మాత్రం మంచిరోజులు వచ్చాయి. ఇళ్ళు లేనివాళ్ళే లేని నగరంగా దానికి అవార్డు ప్రకటించారు. ఆ వార్త చూసి ఇళ్ళ ధరలు ఇంకో మెట్టెక్కాయి.

నెల నిండవచ్చింది. మౌనిక పరీక్షలు దగ్గరపడ్డాయి. పిల్ల మూటలు కట్టిన సామాను మీదే పుస్తకం పెట్టుకుని చదువుతుంటే చూడలేక జంగయ్య సిగ్గు విడిచి పరాంకుశం గారి ఎదుట నిలబడ్డాడు.

"సార్, మీకు దండం పెడత. నన్ను మళ్ళ ఇల్లు లేనోణ్ణి చెయ్యుండ్రి."

పరాంకుశం గారు చాలా నొచ్చుకున్నారు. "అటువంటి వెసులుబాటు లేదు. సాధించిన లక్ష్యాన్ని వెనక్కి తీసుకోవడం వ్యవస్థకే అవమానం. మీరు చేయగలిగినదల్లా స్వచ్ఛంద గృహనిష్క్రమణ. అనగా, మీ ఇంటిని మీరే ఖాళీ చేసినట్టు నిరూపించాలి."

"ఖాళీ చేసిన సార్. అసలు నేను అండ్ల ఉంటేగా?"

"అదే సమస్య. అందులో లేని మనిషి దాన్నెలా ఖాళీ చేస్తాడు?" పరాంకుశం గారు పెన్ను తీసి గాల్లో ఏదో లెక్క వేశారు. మెల్లగా ఆయన మొహం వికసించింది. "నిష్క్రమించాలంటే ముందు నివసించాలి. మీకు నిద్ర కూడా పెండింగులో ఉన్నట్టుంది. ఒక్క రాత్రి నిద్రకు విశేషానుమతి ఇస్తున్నాను. సామాను సహితంగా రావాలి. తెల్లవారాక మా అధికారి సమక్షంలో సామాను బయటికి తరలిస్తే ఖాళీ చేసినట్టు ధ్రువీకరిస్తాం. ఒక్క దెబ్బకు రెండు ఫైళ్ళు ముగుస్తాయి."

జంగయ్య ఆయన కాళ్ళకు దండం పెట్టినంత పనిచేశాడు. బుచ్చిరెడ్డి తానే ట్రాలీ ఆటో మాట్లాడి పంపించాడు. పొద్దుగూకే వేళకు ఆ రోజు ప్రవేశాలు ముగిశాయి, చెక్క ఆవుకు గోనెపట్టా కప్పేశారు. మంచం, బీరువా, గ్యాసుబండ, మౌనిక పుస్తకాలు అన్నీ తూర్పు గుమ్మంలోంచి లోపలికి వెళ్ళాయి. వాచ్‌మన్ అనుమతి పత్రం రెండుసార్లు చదివి సెల్యూట్ కూడా కొట్టాడు. స్వరూప గ్రానైట్ గట్టు మీద పప్పుచారు చేసింది. జంగయ్య హాయిగా నిద్రపోయాడు.

తలుపు దబదబ కొట్టిన చప్పుడుకు మెలకువ వచ్చింది. ఎండెక్కింది. బయట ఆ రోజు కుటుంబాలు పట్టుబట్టలతో వరస కట్టి ఉన్నాయి. చెక్క ఆవు గుమ్మానికి ముట్టె ఆనించి నిలబడి ఉంది. పొంగు ధ్రువీకరణాధికారి చేతిలో పాలగిన్నె పట్టుకుని పిలుస్తున్నాడు. జంగయ్య లేచి గడియ తీయబోయాడు. ఆ గడియకూ, పడమర తలుపు గడియకూ లోపలి నుంచి తాళాలు వేసి ఉన్నాయి.

"తాళపుచెవి ఏదే?" అన్నాడు.

"నా దగ్గరున్నది. నువ్వు మొకం కడుక్కో పో" అని స్వరూప కిటికీ రెక్క తెరిచింది. "ఎవరు కావాలె సార్?"

"అమ్మా, నిద్ర అయింది కదా. ఇల్లు ఖాళీ చెయ్యాలి."

"మా ఇల్లు మేమెందుకు ఖాళీ చేస్తం?"

అధికారి చేతిలో పాలు వొలికిపోయాయి. కబురందుకుని పరాంకుశం గారు పరుగున వచ్చారు. ఆయన వెనకాలే పోలీసు జీపు వచ్చింది. ఎస్సై దిగి, కిటికీలోంచి స్వరూప అందించిన యాజమాన్య పత్రం ఇటూ అటూ తిప్పి చూశాడు.

"సంతకం మీదే గదా సార్?"

"నాదే. అయితే అది సిద్ధాంతరీత్యా చేసిన సంతకం."

"అవన్నీ నాకెందుకు? ఒక్క మాట చెప్పుండ్రి. ఈ ఇల్లు వీళ్ళదా, కాదా?"

పరాంకుశం గారు మనసులో లెక్క వేసుకున్నారు. కాదంటే ఇంతవరకు పాలు పొంగించిన వాళ్ళెవరికీ ఇల్లు లేనట్టే. రేపే అవార్డు సభ, దానికి సూటు కూడా కుట్టించుకున్నారు. ఆయన చెమట తుడుచుకుని, ఎవరినీ నేరుగా చూడకుండా, "వాళ్ళదే" అన్నారు.

"సొంతింట్ల ఉన్న మనుషులను ఎల్లగొట్టుమంటే నా నౌకరీ పోతది సార్" అని ఎస్సై జీపెక్కాడు.

మధ్యాహ్నానికి సంస్థ పత్రికా ప్రకటన విడుదల చేసింది. పథకానికి ప్రజల ఆదరణ అంచనాలను మించిపోయిందని, నగరానికి రెండో ఇల్లు కట్టే అవసరం ఏర్పడిందని అందులో గర్వంగా చెప్పారు.

ఇంట్లో జంగయ్యకు కాళ్ళు నేల మీద నిలవలేదు. గదులన్నీ తిరిగాడు. మౌనిక లోపలి గదిలో తలుపు వేసుకుని చదువుకుంటోంది. తలుపు వేసుకుని చదువుకునేంత గది! ఆ ఆనందం పట్టలేక ఫ్యాను వేసి ఆర్పి, వేసి ఆర్పి చూశాడు. స్వరూప వైపు చూస్తే ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ తను చేతులు కట్టుకుని నిలబడ్డ ప్రతి గుమ్మం గుర్తొచ్చింది.

సాయంత్రం మళ్ళీ ట్రాలీ ఆటో చప్పుడైంది. మంచం, ట్రంకుపెట్టె, ప్లాస్టిక్ బిందెలు. ఒక మనిషి, కడుపుతో ఉన్న అతని భార్య, ఆమె చెయ్యి పట్టుకున్న చిన్నపాప దిగారు. వాళ్ళ వెనక గేటు దగ్గర ఇంకో రెండు ఆటోలు ఆగుతున్నాయి.

"అన్నా, నా పేరు ఎల్లేశం" అన్నాడు ఆ మనిషి, పత్రం చూపిస్తూ. "మీ టోకెన్ ఎనకదే మాది. మా ఓనరు గూడ ఎల్లగొట్టిండు. మాక్కూడ ఇదే ఇల్లు రాసిచ్చిండ్రు. రెండు గదులున్నయంట గదా. జర జాగియ్యవా?"

జంగయ్య కరిగిపోయాడు. అందరిదీ ఒకటే నంబరు, ఒకటే గోడు. "తాళపుచెవియ్యవే" అని చెయ్యి చాపాడు.

స్వరూప ఇవ్వలేదు. కిటికీ దగ్గరికి వెళ్ళి, రెక్క సగమే తెరిచి, ఎల్లేశాన్ని, అతని భార్యను, పిల్లను, ఆటోలోని సామానును ఒకసారి ఎగాదిగా చూసింది.

"మీరు ఎంతమంది? ముగ్గురేనా, ఊరి నుంచి చుట్టాలొస్తుంటరా? గోడలకు మేకులు కొట్టొద్దు. రాత్రి తొమ్మిదైతే గేటేస్తం. ఎనక గది ఇస్త గని, మూడు నెలల అడ్వాన్సు ముందే కట్టాలె."

ఎల్లేశం చేతులు కట్టుకుని "సరే అక్కా" అన్నాడు. జంగయ్యకు సిగ్గుతో తల వాలిపోయింది. భార్య మొహం చూడలేక గోడవైపు తిరిగాడు. తరువాత గొంతు తగ్గించి, ఆమెకు మాత్రమే వినపడేలా అన్నాడు.

"కరెంటు బిల్లు వేరేనని చెప్పు."